ఇసక తగిలితే గంప వెనక్కి

శ్రీకూర్మం దాటి తూర్పుకి నడిస్తే సరుగుడు తోటలు. తోటలు దాటితే ఇసుక. ఇసుక చివర, సముద్రం మాట ఎప్పుడూ వినబడే చోట, దానమ్మ వాళ్ళ పేట. అక్కడ ఎండుచేపకి ఊరి పేరు ఉండదు, ఎండబెట్టిన మనిషి పేరే ఉంటుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ చేప మగవాళ్ళది, ఒడ్డెక్కాక ఆడవాళ్ళది. శ్రీకాకుళం బజారుకి వచ్చేవాళ్ళు "నెత్తళ్ళున్నాయా" అని అడగరు. "దానమ్మ నెత్తళ్ళున్నాయా" అని అడుగుతారు.

ఆ పేరు ఊరికే రాదు. దాని వెనక ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ మరిచిపోలేదు. కొన్నవాడి నోట్లో ఇసుక తగిలితే ఆ మాట నలుగురి ముందు అనవచ్చు. అన్నాక అమ్మినామె వాదించకూడదు. తన పేరు మీద వెళ్ళిన సరుకంతా తన గంపలోనే వెనక్కి తెచ్చుకోవాలి. గొయ్యి తీసి పాతెయ్యాలి. కోళ్ళకి కూడా వెయ్యకూడదు. అలా తెచ్చుకోని మనిషి పక్కన మరుసటి వారం ఎవరూ గంప దించరు.

ముప్ఫై ఏళ్ళలో దానమ్మ గంప ఒక్కసారీ వెనక్కి రాలేదు.

నెత్తలి వేలెడంత చేప. చాలామంది దాన్ని ఇసుక మీదే ఆరబోస్తారు. దానమ్మ నాలుగు రాటలు పాతి, పాత వల బిగించి కట్టి, మొల ఎత్తున ఆరబెడుతుంది. ఎండ పైనుంచి రావాలి, గాలి కిందనుంచి రావాలి అంటుంది. కడగడానికి ఒడ్డు నీళ్ళు ముట్టదు. నడుము లోతు దాకా వెళ్ళి అక్కడి నీళ్ళు ముంచుకొస్తుంది. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి, అరచేత్తో చేపల్ని తిరగేస్తుంది. ఆ కాస్తసేపూ ఎవరు పిలిచినా పలకదు. వల మీద పరిచిన నెత్తళ్ళు చూస్తే, వెలుతురునే ఎవరో సన్నగా తరిగి ఆరబెట్టినట్టుంటుంది.

రెండేళ్ళ కిందట, చలికాలంలో, ఒక కుర్రవాడు ఆ వల దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. పేరు పృథ్వీరాజ్. విశాఖపట్నంలో బీచి రోడ్డు మీద కొత్తగా పెట్టిన వియత్నాం హోటల్లో వంటలకి పెద్ద. వలమీద నుంచి ఒక నెత్తలి తీసి పచ్చిగానే నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, కళ్ళు తెరిచి అన్నాడు.

"అమ్మా, ఆ దేశంలో పచ్చిమామిడి తురుములో ఇలాంటివి వేయించి వేస్తారు. మీవి నాకు కావాలి. మెనూ కార్డులో మీ పేరే వేస్తాను."

"పేరెందుకు బాబూ, సరుకట్టుకెళ్ళు" అంది దానమ్మ. అన్నదే గాని లోపల ఏదో దీపం వెలిగింది. ఫొటో తీస్తానంటే కొంగు సర్దుకుని నిలబడింది.

అప్పటినుంచి నెలనెలా సరుకు వెళ్ళింది. ఆ ఏడాది ఆమె భర్త అసిరయ్య వేరావల్ వెళ్ళలేదు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆగస్టులో గుజరాత్ రైలెక్కి, అక్కడి బోట్ల మీద ఎనిమిది నెలలు నిలబడి వచ్చే మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మొదటిసారి కార్తీకమాసంలో ఇంట్లో ఉండి, చలిమంట ముందు కూచుని, "ఈ ఊళ్ళో కార్తీకం ఇలగుంటాదా" అని ఆశ్చర్యపోయాడు.

మొన్న ఉగాది తర్వాత హోటల్ నుంచి ఫోన్ రావడం మానేసింది. దానమ్మ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పోనీలే, తిని విసుగొచ్చింది కాబోలు అనుకుంది.

ఆషాఢం మొదట్లో ఒక ఆదివారం బజారులో నారాయణమూర్తి మాస్టారు వచ్చి ఆమె గంప ముందు నిలబడ్డారు. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళ ఖాతాదారు. ఎప్పుడూ కూచుని ఏరుకునే మనిషి, ఆవేళ కూచోలేదు.

"ఏమ్మా దానమ్మా, పట్నం వెళ్ళేసరికి సెయ్యి మారిపోనాదేటి?"

"ఏటైనాది మాస్టారూ?"

"మా అమ్మాయి నన్ను వైజాగులో ఆ వియత్నాం హోటల్కి తీసుకెళ్ళింది. కార్డులో నీ బొమ్మ. మా దానమ్మేనే అని గొప్పగా చెప్పి తెప్పించుకున్నాను. పటుక్కుమంది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇసక!"

పక్క గంపలవాళ్ళు త్రాసులు దించారు. దానమ్మ నోటిదాకా వచ్చింది, మూడు నెలలుగా నేను ఒక్క చేపా పంపలేదని. కాని వాదించకూడదు. అది కట్టుబాటు. లేచి నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"వెనక్కి తెచ్చుకుంతాను మాస్టారూ" అంది.

ఇంటికొచ్చి చెప్తే అసిరయ్య అల్లుతున్న వల వదిలేశాడు.

"నువ్వు పంపినేదు కదే. నీదెలగవుద్ది?"

"బొమ్మ నాది. పేరు నాది."

"పేరొక్కటే కదా."

"పేరొక్కటేనా మావా? మరేటున్నాది మనకి?"

అతను మోకాలు రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు. "బోట్ల మేస్త్రీ మళ్ళీ అడుగుతన్నాడు, వచ్చే నెల రైలు. నువ్వెళ్తే గొడవాడకు. మళ్ళీ మన సరుకు తీసుకోమని అడుగు. ఒప్పుకుంటే నాను ఎల్లక్కర్నేదు."

దానమ్మ తలూపింది. తెల్లారి ఖాళీ గంప పట్టుకుని బస్సెక్కింది.

విశాఖలో దిగేసరికి అన్న కూతురు హేమ ఎదురొచ్చింది. బట్టల షాపులో సేల్స్ గర్ల్. ముందురోజే ఫోన్ చేసి ఇద్దరికి బల్ల చెప్పిపెట్టింది. మేనత్త చంకలో గంప చూసి అక్కడే ఆగిపోయింది.

"అత్తా, ఇదెందుకు? అక్కడంతా సూటూబూటోళ్ళు."

"ఆళ్ళ గంపలు ఆళ్ళు తెచ్చుకుంతారు. నీకేటే?"

"గొడవ సెయ్యనని సెప్పు ముందు."

"తింతాను. తినకుండా మాటనకూడదు. ఆ తరవాత సంగతి నాకు తెల్దు."

హోటల్ పేరు సెన్. ఆ భాషలో తామరపువ్వని హేమ ఫోన్లో చూసి చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ గార్డు గంపని చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సరుకు దింపేది వెనకాల గేటమ్మా."

"దింపడానికి రానేదు బాబూ. తినడానికి వచ్చినాను."

"గంప లోపలికి..."

"కుర్చీ పక్కనెడతాను. అదేటీ తినదు."

హేమ ఫోన్లో బుకింగు చూపించింది. గార్డు ఒక రెక్క తీశాడు.

లోపల చల్లగా ఉంది. వెదురు బుట్టల్లాంటి దీపాలు పట్టపగలు వెలుగుతున్నాయి. చివర గోడంతా అద్దం. అద్దం అవతల సముద్రం. అలలు లేచి నోరు తెరిచి ఏదో అంటున్నాయి, చప్పుడు లేదు. సముద్రాన్ని మాట్లాడనివ్వకుండా కూచోబెట్టారు అనుకుంది దానమ్మ. ఆమె ఆ అద్దానికి వీపు పెట్టి కూచుంది.

కార్డు తెచ్చారు. తోలు అట్ట, లోపల విడివిడి కాగితాలు. రెండో కాగితం మీద దానమ్మ ఉంది. వల ముందు, కొంగు సర్దుకుని, ఎండకి కళ్ళు చికిలించి. కింద ఇంగ్లీషులో రాసింది హేమ మెల్లగా చదివింది. "పచ్చిమామిడి, నెత్తళ్ళు. శ్రీకాకుళం తీరంలో దానమ్మ చేత్తో ఎండబెట్టినవి."

"ఇప్పటికీ ఉన్నాదన్నమాట" అంది దానమ్మ. "తెప్పించు. దాంతోపాటు ఆళ్ళు బాగా సేసేవి ఇంకో రెండు తెప్పించు. ఒక్కటే తిని మనిషిని అనకూడదు."

ముందు ఒక పళ్ళెంలో అద్దంలాంటి పొరలో చుట్టిన చుట్టలు వచ్చాయి. లోపల పచ్చ ఆకులు, గులాబీ రంగు రొయ్యలు పైకే కనబడుతున్నాయి.

"ఏటే ఇది, తడిపిన పూతరేకా?"

"బియ్యం పొరేనత్తా. ఈ గిన్నెలోది ముంచుకుని తినాల."

చిన్న గిన్నెలో తేనె రంగు నీళ్ళు, మీద తేలే మిరపగింజలు. దానమ్మ ముంచి కొరికింది. నమలడం ఆపేసింది. గిన్నె ఎత్తి వాసన చూసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళ వెనక నలభై ఏళ్ళ కిందటి మూల ఒకటి తెరుచుకుంది. అమ్మమ్మ గుడిసెలో చూరు కింద, మూతకి గుడ్డ కట్టిన కుండ. ఉప్పేసి అణిచిన చేపల నుంచి దిగిన ఊట. వేట లేని రోజుల్లో గంజిలో చెంచాడు వేసేది. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవారని, చుట్టాలొస్తే ఆ కుండ దాచేసేవారు.

"సేప ఊట" అంది. "ఏ దేశమో గాని, ఎవులో ఓపికున్న ఆడది సేసింది. ఏడాది కదపకుండా ఉంచినాది. తప్పు నేదు దీంట్లో." మళ్ళీ ముంచుకుంది. "సూసినావేటే, మనం దాచుకున్నదాన్ని ఈళ్ళు బల్ల మీదెట్టినారు."

హేమ మొహం కొంచెం తెరిపిన పడింది. పోనీలే, తిని వెళ్ళిపోతాం అనుకుంది.

అప్పుడు పచ్చిమామిడి వచ్చింది. సన్నటి తురుము, పుదీనా, వేయించిన వేరుశనగ. పైన పోగుగా నెత్తళ్ళు.

దానమ్మ తినకముందే చూసింది. ఇవి తనవి కావు. ఇసుక మీద పడి ఆరినవి, ఒక పక్కే ఎండ తగిలినవి, పొట్ట దగ్గర పగిలి పచ్చబడ్డవి. అయినా చూసి అనకూడదు. చేత్తో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండో నములుకి తగిలింది. చాలా చిన్న చప్పుడు. దవడ లోపల తప్ప ఎవరికీ వినబడదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చప్పుడు రాకూడదనే నడుము లోతు నీళ్ళలోకి నడిచింది.

నోట్లోది తీసి పళ్ళెం అంచున పెట్టింది.

ఇన్ షర్ట్ చేసుకుని, చెవిలో ఫోన్ తగిలించుకున్న మనిషి నవ్వుతూ వచ్చాడు. మేనేజరు యుగంధర్.

"అంతా బాగుందా మేడం?"

"ఈ కార్డులో ఆవిడెవులు బాబూ?"

"ఆవిడ దానమ్మ గారండీ. శ్రీకాకుళం దగ్గర మత్స్యకార మహిళ. మాకు వచ్చే నెత్తళ్ళన్నీ ఆవిడ చేత్తో ఎండబెట్టినవే."

"ఇయ్యాల్టివి కూడానా?"

"ప్రతి ఒక్కటీ."

హేమ తనకే తెలియకుండా కార్డు తీసి మేనత్త మొహం పక్కన పట్టింది. యుగంధర్ కార్డు వంక చూశాడు. మొహం వంక చూశాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, మనిషి మాత్రం వెనకనుంచి వెళ్ళిపోయినట్టయింది.

"మేడం, ఆఫీసు రూంలో కూచుని మాట్లాడుకుందాం రండి."

"నలుగురి ముందు తిన్నాను. నలుగురి ముందే అంతాను. ఇసక తగిలింది." గొంతు పెద్దది చెయ్యలేదు. బజారులో అలవాటైన గొంతు, దానంతటదే మూడు బల్లల దాకా వెళ్ళింది. చెంచాల చప్పుడు ఆగింది. "నా పేరు మీద ఉన్న సరుకంతా తెచ్చి ఈ గంపలో పొయ్యి. ఎనక్కి తీసుకెళ్తాను."

"అది... అది మీ సరుకు కాదు కదమ్మా."

"ఇప్పుడే కదేటి నాదని సెప్పినావు?"

పక్క బల్ల మీద ఎవరో పెద్దావిడ ఫక్కున నవ్వింది. యుగంధర్ కుర్చీ లాక్కుని కూచుని గొంతు తగ్గించాడు.

"అమ్మా, నా మాట వినండి. మధ్యలో వేరేచోట కొన్నాం, నిజమే. తప్పే. ఇసుక వచ్చిందని ఎవరో నెట్లో కూడా పెట్టారు. వచ్చే నెల నుంచి మళ్ళీ మీ దగ్గరే కొంటాం. ఏడాది పొడుగునా, మీరు ఎంత ఎండబెడితే అంతా. ఒక్క సాయం చెయ్యండి. ఇది నా సరుకే, వానల వల్ల కాస్త ఇసుక పడింది, ఇకమీదట పడదు అని నా ఫోన్లో వీడియోకి ఒక్క ముక్క చెప్పండి. అంతే."

ఏడాది పొడుగునా. దానమ్మకి అసిరయ్య మోకాళ్ళు కనబడ్డాయి. నిద్రలో కూడా వాటి మీద చెయ్యి వేసుకుని పడుకుంటాడు. ఒక్క ముక్క చెప్తే వచ్చే నెల రైలు ఖాళీగా వెళ్ళిపోతుంది. కార్తీకంలో చలిమంట ముందు మనిషి ఉంటాడు. హేమ బల్ల కింద నుంచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఒప్పుకోమనో వద్దనో ఆ పిల్లకే తెలియదు.

దానమ్మ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"బాబూ, ఇసక పడితే ఒప్పుకుంతాను. అది తప్పు కాదు, గాలికి పడతాది. పడనిదాన్ని పడిందని సెప్తే, రేపు నిజంగా నా సేత్తో ఎండినదాన్ని ఎవుడు నోట్లో ఏసుకుంతాడు? మా మావ మోకాలరిగిపోయి గుజరాతెల్తాడు. ఎల్లనీ. ఎనిమిది నెల్లకి తిరిగొస్తాడు. పేరు పోతే దానికి రైలు నేదు."

యుగంధర్ ఫోన్ బల్ల మీద బోర్లించాడు. వంటగది తలుపు తెరుచుకుని పృథ్వీరాజ్ వచ్చాడు. తెల్ల కోటు, చెమట. దానమ్మని చూసి నడక ఆపాడు.

"దగ్గరికి రా" అంది. "నోట్లో ఏసుకో."

పళ్ళెంలోంచి నాలుగు నెత్తళ్ళు తీసి చేతిలో పెట్టింది. వల దగ్గర ఆ రోజు నమిలినట్టే నమిలాడు. అతని దవడ ఆగిన చోటు అందరికీ కనబడింది.

"సరుకు మారిందని నాకు తెలుసమ్మా" అన్నాడు. "కార్డు మార్చమని ఒకసారి అడిగాను. కొత్తది అచ్చు వేయించేదాకా ఉండనివ్వమన్నారు. తర్వాత నేనూ అడగలేదు." తర్వాత పట్నం భాష జారిపోయి, పుట్టిన బొబ్బిలి యాస నోట్లోకి వచ్చింది. "తప్పు నాదే పిన్నీ. నాను నోరెత్తనేదు."

"నీ తప్పు నువ్వు సూసుకో నాయినా. నా సరుకు నాకు తే."

అతను లోపలికెళ్ళి సంచి భుజాన వేసుకొచ్చాడు. వేయించడానికి తీసిపెట్టిన డబ్బా కూడా తెచ్చాడు. మోకాళ్ళ మీద కూచుని రెండూ గంపలో పోశాడు. ఆ చల్లటి గదిలో ఎండుచేప వాసన లేచి దీపాల దాకా వెళ్ళింది.

"షెఫ్! ఓనరుకి ఏం చెప్తాం?" అన్నాడు యుగంధర్.

"ఇసక తగిలిందని సెప్పు" అన్నాడు పృథ్వీరాజ్.

తర్వాత కార్డు తెరిచి ఆ రెండో కాగితం లాగేశాడు. అప్పుడు హేమ లేచింది. పొద్దున్నుంచి తల దించుకున్న పిల్ల, ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి, షాపులో చీర చూపించే గొంతుతో "ఒక్క నిమిషం సార్, మా అత్తది" అంటూ కాగితాలు లాక్కొచ్చింది. ఒక పెద్దమనిషి ఇవ్వనని నవ్వితే, నవ్వకుండా చెయ్యి చాపి నిలబడింది. అన్నీ పోగేసి గంపలో, చేపల మీద పెట్టింది. పదిహేడుమంది దానమ్మలు, అందరూ ఎండకి కళ్ళు చికిలించి.

"నీ దగ్గర మంచివి ఉన్నాయి కదా పిన్నీ" అని అడిగాడు పృథ్వీరాజ్. "పంపిస్తావా?"

"ఉన్నాయి. నీకు నేవు. ఏడాది నీ పేరెట్టుకుని వండు. ఎవులైనా ఇసకన్నప్పుడు నీ మొకం సూసి అననీ. అప్పుడు గట్టు మీదకి రా, సూద్దాం."

ఇంతలో వాళ్ళు చెప్పిన మూడోది వచ్చింది. పెద్ద గిన్నె నిండా పొగలు కక్కే చారు, అందులో తెల్లటి బియ్యపు సేమియా, చేపముక్కలు, పైన తుంచి వేసిన ఆకులు. యుగంధర్ గబగబా అన్నాడు, "ఇది మా తరపునమ్మా, బిల్లు వద్దు."

"బిల్లు తే. సుట్టరికానికి రానేదు."

కూచుంది. ఎవరు చూస్తున్నారో చూడలేదు. తినడానికిచ్చిన పుల్లలు పక్కన పెట్టి, సేమియా చేత్తో తిని, గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగుదాకా తాగింది. ఎవరిదో దూరపు తీరంలోని వేడి గొంతులోంచి పొట్టలోకి దిగింది. బాగుంది. బాగుందని పైకే చెప్పింది, పృథ్వీరాజ్ వంక చూసి. అతను తల దించుకున్నాడు.

బిల్లు హేమ కట్టబోతే చెయ్యి తోసేసి తనే కట్టింది. కొంగు చుట్టకుదురు చేసి తల మీద పెట్టుకుంది. గంప బరువుగా ఉంది, ఒక్క మనిషి ఎత్తలేడు. గంప ఎత్తడానికి ఎప్పుడూ ఇంకో మనిషి సాయం కావాలి. హేమ వంగబోయింది. దానమ్మ ఆపింది.

"నువ్వుండే." మేనేజరు వైపు తిరిగింది. "బాబూ, ఒక సెయ్యెయ్యి."

యుగంధర్ చుట్టూ చూశాడు. హాలంతా అతని చేతుల వైపే చూస్తోంది. కఫ్ గుండీలు విప్పి, చేతులు పైకి మడిచి, వంగి గంప అంచు పట్టుకున్నాడు. లేపుతుంటే నాలుగు నెత్తళ్ళు అతని బూట్ల మీద రాలాయి. గంప ఆమె తలకెక్కింది. మెడ ఒకసారి సర్దుకుంది, నిలబడింది.

బల్లల మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా, తొందర లేకుండా నడిచింది. పట్నంలో, పేటలో, బజారులో, ఎక్కడైనా ఆ గంప కింద ఆమె నడక ఒకటే. తలుపు దగ్గర గార్డు ఒక రెక్క తీసి పట్టుకున్నాడు.

దానమ్మ ఆగింది.

"రెండోది కూడా తియ్యి బాబూ. గంప ఎడల్పున్నాది."